బదులు మనిషి

కాంబర్‌వేల్ తోట, సెయింట్ ఆన్ జిల్లా, జమైకా
1792 ఫిబ్రవరి 12

డొరొతియా అత్తయ్య గారికి,

నమస్కారాలు. మీ అక్టోబరు ఉత్తరం నిన్న చేరింది. అందులో మూడు పేజీలు నేను మీ విందుకని పంపిన తాబేలు గురించే ఉన్నాయి. అత్తయ్యా, ఆ తాబేలును నేను చంపలేదు. ఓడ ఎక్కించేటప్పుడు అది నన్ను కరవబోయింది కూడా. దారిలో చచ్చిపోతే ఓడ కెప్టెన్‌ను అడగాలి గాని నన్ను అడిగితే ఏం చెప్పను? పంచదార రంగు తగ్గిందని కూడా రాశారు. రాత్రీ పగలూ పొయ్యి ఆర్పకుండా రసం కాస్తున్నాం. కట్టెలు తడిసి ఉన్నాయి. గానుగ తిప్పే కంచర గాడిదల్లో సగం కుంటివి. కొత్తవి కొనమని ఎంతకాలంగా నెత్తీ నోరూ కొట్టుకుంటున్నానో మీకే తెలుసు. మీరు బాత్ నగరంలో కిటికీ పక్కన కూర్చుని పంచదార తెల్లగా లేదంటారు.

ఇది కోతల కాలం. జనం నిలబడే నిద్రపోతున్నారు. మొన్న గానుగకు చెరకు అందించే ఆడమనిషి ఒకతి కునికింది. చెయ్యి చెరకుతో పాటు లోపలికి పోయింది. గానుగ పక్కన ఎప్పుడూ ఒక గొడ్డలి ఎందుకు ఆనించి ఉంచుతామో మామయ్య మీకు చెప్పి ఉండరు. నేనూ రాయను. మనిషి మాత్రం బతికింది. ఆ పూటంతా గానుగ ఆగింది, పంచదార పీపాలు తగ్గాయి. ఎందుకు తగ్గాయని మీరు ఎలాగూ అడుగుతారు గనుక ముందే చెబుతున్నాను.

ఇంకొక చిన్న సంగతి. నా ఇంటి పని, వంటింటి తాళాలు చూసుకునే బెనెబాకు ఒక కూతురు ఉంది. పేరు సూకీ, ఎనిమిదేళ్లు. తల్లి మీ బానిస గనుక చట్టప్రకారం పిల్లా మీదే. చాలా చురుకైన పిల్ల. సూది పట్టిందంటే పెద్దవాళ్లు కూడా దాని ముందు దిగదుడుపే. నేను ఇప్పుడు తొడుక్కున్న చొక్కా చేతులు అదే కుట్టింది. ఆ పిల్లకు మీరు విడుదల కాగితం రాసిస్తే బాగుంటుందని మనవి. ప్రత్యేకమైన కారణం ఏమీ లేదు. బెనెబా చాలా ఏళ్లుగా నమ్మకంగా పని చేస్తోంది, అంతే.

ఇప్పుడే బెనెబా కాఫీ తెచ్చి పెట్టి, "రాశారా దొరా?" అంది. రాశానన్నాను. "ఏమని రాశారు?" అంది. కుట్టుపని బాగా చేస్తుందని రాశానన్నాను. "అంతేనా?" అని నా ముఖంలోకి ఒకసారి చూసి వెళ్లిపోయింది. ఇక్కడ జనానికి కాస్త చనువిస్తే ఇలాగే ఉంటుంది.

అల్లం మురబ్బా జాడీలు రెండు పంపుతున్నాను. పగిలితే కెప్టెన్‌ను అడగండి.

మీ మేనల్లుడు,
జాస్పర్


బాత్, ఇంగ్లండు
1792 మే 20

జాస్పర్,

నీ ఉత్తరం చదివాక తలనొప్పి పట్టుకుంది. అందుకని ఆశీర్వాదాలు చివర్లో చెబుతాను. గొడ్డలి సంగతి రాయనంటూనే రాసేశావు. ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఇకమీదట అలాంటివేమన్నా ఉంటే విడి కాగితం మీద రాసి, మడిచి, పైన 'చదవొద్దు' అని రాయి.

ఇక్కడ నా అవస్థ నీకేం తెలుసు? మా పాదిరిగారి భార్య టీలో పంచదార మానేసింది. అందులో బానిసల నెత్తురు కలిసిందట. ఆవిడ మానేశాక వీధిలో ఆడవాళ్లందరూ మానేశారు. నేనొక్కదాన్నే పంచదార గిన్నె ముందేసుకుని కూర్చుంటే బాగుండదు గదా, నేనూ మానేశాను. తేనె వేసుకుంటున్నాను. వెగటుగా ఉంది. అది సరేగాని, ఈ ఏడు పీపాలు మరీ అంత తగ్గాయేమిటి? గానుగ ఒక్క పూట ఆగితేనే అంత తగ్గుతాయా?

ఇక ఆ పిల్ల సంగతి. ఎనిమిదేళ్లకే చొక్కా చేతులు కుట్టే పిల్లను ఊరికే వదిలేయమంటావా? మీ మామయ్య పద్ధతి నీకు తెలియనిది కాదు. తోటలోంచి ఒకరిని వదిలితే వాళ్లకు బదులుగా ఇంకొకరిని పెట్టాలి. తోట బలం తగ్గకూడదని ఆయన పోయేముందు కూడా నాతో అన్నారు. కాబట్టి నువ్వొక బదులు మనిషిని పెట్టు, అప్పుడు ఆలోచిద్దాం.

నిజం చెప్పాలంటే నాకు అంతకన్నా మంచి ఆలోచన ఒకటి వచ్చింది. మీ చిన్నాన్న కూతురు హారియెట్‌కు అక్టోబరులో పెళ్లి. పెళ్లికొడుక్కి మీ దీవిలోనే, తూర్పు కొండల్లో కాఫీ తోట ఉందట. పెళ్లయ్యాక కాపురం అక్కడే. కొత్త కాపురానికి సూదిపని తెలిసిన పిల్లను కానుకగా ఇస్తే ఎంత ముచ్చటగా ఉంటుంది! ఇంకా ఎవరికీ మాట ఇవ్వలేదులే. నువ్వేమంటావో రాయి.

మురబ్బా జాడీ ఒకటి పగిలింది. కెప్టెన్‌ను అడిగాను. నువ్వు గడ్డి సరిగా చుట్టలేదన్నాడు.

దీవించి,
మీ అత్తయ్య


కాంబర్‌వేల్
1792 ఆగస్టు 3

అత్తయ్యా,

దయచేసి ఎవరికీ మాట ఇవ్వకండి. ఈ మాట ముందు చదవండి, మిగతాది తరువాత చదువుదురుగాని.

ఫిబ్రవరిలో నేను కోతల అలసట మీద రాశాను. అలసటలో మనిషి ఏదో ఒకటి రాస్తాడు. సూకీ కుట్టుపని అంత గొప్పదేమీ కాదు. ఆ చొక్కాకు ఒక చెయ్యి పొడుగు, ఇంకొకటి పొట్టి. పైగా పిల్లకు దగ్గు. ఒక్కోసారి మట్టి కూడా తింటుంది. హారియెట్ కొత్త కాపురంలోకి దగ్గే పిల్లను పంపితే మనకే చెడ్డపేరు వస్తుంది. కొండల్లో చలి ఎక్కువ, అక్కడికి పంపితే బతకదు. కాబట్టి దాన్ని వదిలించుకోవడమే మీకు లాభం.

మామయ్య పద్ధతిని నేను కాదనలేదు. మాంటెగో బే రేవుకు ఆఫ్రికా నుంచి ఓడ వచ్చిందని తెలిసి, స్వయంగా వెళ్లి, నా జీతంలోంచి ఒక అమ్మాయిని కొన్నాను. పద్నాలుగేళ్లు ఉండొచ్చు. గట్టి పిల్ల. ప్రూడెన్స్ అని పేరు పెట్టి తోట జనంలో చేర్పించాను. తన పేరేదో తను చెబుతూనే ఉంది గాని నాకు నోరు తిరగలేదు. ఇక మీ బదులు మనిషి మీకు ముట్టినట్టే. సూకీ కాగితం పంపించండి.

ఇంత చేస్తే ఇంట్లోనైనా మెప్పు దొరుకుతుందా అంటే అదీ లేదు. ప్రూడెన్స్‌ను ఇంటికి తెచ్చిన రోజు బెనెబా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఎవరు దొరా ఈ పిల్ల?"

"సూకీకి బదులు. ఇక నీ కూతురికి కాగితం వస్తుంది" అన్నాను.

ఆ పిల్ల చీలమండల మీద గొలుసు పుండ్లు ఉన్నాయి. బెనెబా కూర్చుని వాటిని చూసింది. సంతోషిస్తుందేమో అనుకున్నాను. "దీని తల్లి ఎవరిచేత ఉత్తరం రాయించుకోవాలి దొరా?" అంది.

ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పడానికి మీరు నాకు జీతం ఇవ్వడం లేదు. నేను గానుగ దగ్గరికి వెళ్లిపోయాను. సాయంత్రం వచ్చేసరికి ఆ పిల్ల కాళ్లకు ఆకు పసరు కట్టి, వంటింట్లో పడుకోబెట్టారు. సూకీ రెండు రోజుల్లోనే దాని అసలు పేరు పలకడం నేర్చుకుంది. నాకింకా రాలేదు.

మీరు పంచదార మానేసి, పీపాలు తగ్గాయేమని అడగడం నాకు అర్థం కాలేదు. చిన్నవాణ్ణి, అర్థం కాకపోవడమే మంచిదేమో.

జాస్పర్


బాత్
1792 నవంబరు 9

జాస్పర్,

నన్ను ఏమనుకున్నావు? ముసలిదాన్నే గాని మతి పోలేదు. మొదట ఆ పిల్ల సూదిపనికి సాటి లేదన్నావు. నేను కావాలనగానే ఒక చెయ్యి పొడుగూ ఇంకో చెయ్యి పొట్టీ అయిపోయింది. మరుసటి వాక్యంలోనే దగ్గు వచ్చేసింది. ఆ తరువాత మట్టి తినడం కూడా మొదలుపెట్టింది. ఇంకో పేజీ రాసి ఉంటే కుంటిది కూడా అయ్యేది. పనిమంతురాలిని నా చేతిలోంచి జారవిడిపించి, ఓడ దిగిన పచ్చి పిల్లను నాకు అంటగట్టి, తరువాత దాన్ని ఎవరికో అమ్ముకోవాలనేగా నీ ఎత్తు? మీ నాన్న కూడా గుర్రాల దగ్గర ఇలాగే చేసేవాడు. వాడు నా అన్న గనుక ఊరుకున్నాను, వాడి కొడుకు దగ్గర కూడా ఊరుకుంటానా?

నీ ఉత్తరం చేరేసరికి హారియెట్ పెళ్లి కూడా అయిపోయింది. నీ జవాబు కోసం ఎన్నాళ్లని చూడను? విందులో అందరి ముందూ లేచి, సూకీ అనే పిల్లను కానుకగా ఇస్తున్నానని చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు. పాదిరిగారి భార్య మాత్రం గ్లాసు కింద పెట్టేసింది, మళ్లీ ముట్టలేదు. నన్ను చూసి అసూయ ఆవిడకు. ఇచ్చిన కానుక వెనక్కి తీసుకునే అలవాటు మన ఇంటా వంటా లేదు.

ప్రూడెన్స్‌ను కొన్నందుకు మాత్రం సంతోషించాను. తోట జనంలో చేర్పించావు గనుక అదీ నాదే అయింది.

నిన్ను నమ్మి ఇక తోట మీద అధికారం ఉంచలేను. మీ పక్కన ఐదు తోటలు చూసే మెక్రేకు అధికార పత్రం ఈ ఓడలోనే పంపుతున్నాను. ఐదుగురు యజమానుల్లో ఒక్కరూ ఆయన మీద ఫిర్యాదు చేయలేదు. కోతలు ముగిశాక సూకీని కొండల్లోకి ఆయనే పంపుతాడు. నువ్వు అక్కడే ఉండి ఆయన చెప్పినట్టు చెయ్యి. బంధువువి గనుక తీసెయ్యడం లేదు.

ఫ్రెంచి వాళ్ల దీవిలో బానిసలు తోటలు తగలబెడుతున్నారని పత్రికల్లో ఎప్పుడూ అదే గోల. మన వాళ్లు ఎలా ఉన్నారు? సంతోషంగానే ఉన్నారు గదా?

మీ అత్తయ్య


కాంబర్‌వేల్
1793 జనవరి 21

అత్తయ్యా,

సూకీ నా కూతురు.

ఇక కావలసినంత కోపగించుకోండి. నేను దాన్ని అమ్ముకోవడం లేదు. సూది సంగతి నిజం, దగ్గు అబద్ధం, మట్టి అబద్ధం. చొక్కా చేతులు రెండూ సమానంగానే ఉన్నాయి. మిమ్మల్ని ఒక్క సంతకం అడగడానికి ఏడాది పట్టింది, ఈ ఏడాదిలో మీరు నా కూతురిని నా చిన్నాన్న కూతురికి పెళ్లి కానుకగా ఇచ్చారు! అది మీ అన్నకు మనవరాలు. తాతగారి ముక్కు దిగిపోయింది దానికి. పటంలో ఉన్న ఆ వంకర ముక్కే, మీకున్నదే. హారియెట్ పొద్దున్నే లేచి తన పడకగది ఊడ్చే పిల్ల ముఖంలో ఆ ముక్కును చూడబోతోంది. అప్పుడు ఏమంటుందో మీరే ఊహించుకోండి.

ముందే ఎందుకు రాయలేదని అంటారు. ఎలా రాయను? మీరు ఇంటికి వచ్చినవాళ్లందరి ముందూ ఉత్తరాలు పైకి చదివిస్తారు.

మెక్రే వచ్చి తాళాలు తీసుకున్నాడు. ఆయనకు విషయం చెప్పాను. పగలబడి నవ్వాడు. "తెలుసయ్యా! జిల్లా అంతా తెలుసు. నీకు ఒకతే, నాకు ఆరుగురు. అందరికీ కాగితాలు రాయిస్తూ కూర్చుంటే చెరకు ఎవడు నరుకుతాడు?" అన్నాడు. ఆయన పిల్లల్లో ఇద్దరు ఆయన పొలంలోనే పని చేస్తున్నారు. ఆయనకు పేర్లు కూడా సరిగా గుర్తు లేవు. నాకు ఒళ్లు మండిపోయింది, కాని తాళాలు ఆయన దగ్గరున్నాయి. బతిమాలాను. మీ జవాబు వచ్చేదాకా, మహా అయితే జులై వరకు, పిల్లను పంపనన్నాడు.

బెనెబాకు చెప్పాను, ఈసారి మొదటి మాటే అది రాశానని. పళ్లేలు తుడుస్తూ నవ్వింది. అది మంచి నవ్వు కాదు.

"ఇప్పటికి గుర్తొచ్చిందా దొరా? నాకు దాన్ని కన్న రోజునుంచీ తెలుసు."

"కోపం దేనికి? రాశాను గదా" అన్నాను.

"మీరు రాస్తారు, ఓడ పోతుంది. ఆవిడ రాస్తుంది, ఓడ వస్తుంది. మీ ఇద్దరికీ ఏం తొందర? పంపేది నా పిల్లను" అంది.

కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను అత్తయ్యా. ఒక్క సంతకం.

జాస్పర్


బాత్
1793 ఏప్రిల్ 15

జాస్పర్,

ఈ ఒక్క మాట మొదటి ఉత్తరంలోనే రాసి ఏడవకూడదూ! ఒక రోజు మూర్ఛపోయేదాన్ని, మర్నాడు లేచి సంతకం పెట్టేదాన్ని. ప్రత్యేకమైన కారణం ఏమీ లేదని రాసింది ఎవరు? నువ్వా, నేనా? ఇప్పుడు నా చేతుల్లో ఏముంది? హారియెట్ పెళ్లి ఒప్పందంలో ఆ పిల్ల పేరు ఎక్కించేశారు. అది ఇప్పుడు హారియెట్ మొగుడి సొత్తు. ముక్కు సంగతి రాయకుండా ఉండాల్సింది. ఈసారి ఎవరి చేతా చదివించలేదు, నేనే అద్దాలు పెట్టుకుని చదివాను. ఆ తరువాత ఎన్నిసార్లు అద్దంలో చూసుకున్నానో నాకే తెలియదు.

అయినా నేనేమీ రాయిని కాదు. యుద్ధం మొదలై రేవులన్నీ సైనికులతో నిండిపోయిన రోజుల్లో, వానలో బండి కట్టించుకుని వెళ్లి, ఓడ దొరక్క ఇంకా ఇక్కడే ఉన్న హారియెట్ మొగుడితో మాట్లాడాను. మంచివాడే. ఏడ్చినంత పని చేశాడు. బదులుగా ఇద్దరిని ఇస్తే సూకీని వదులుకుంటానని ఒప్పుకున్నాడు. కొత్త కాపురం, చేతులు కావాలి గదా. ప్రూడెన్స్ ఉండనే ఉంది. రెండో మనిషి ఎవరా అని నాకు రాత్రంతా నిద్ర లేదు. తెల్లవారుజామున తట్టింది. బెనెబాను ఇచ్చేస్తే సరిపోతుంది!

చూడు, ఎంత చక్కగా కుదిరిందో. కొత్తగా ఎవరినీ కొనక్కరలేదు. ఇంటి పని, తాళాలు తెలిసిన మనిషి, హారియెట్‌కు కుడిభుజంగా ఉంటుంది. నీ కూతురు నీ దగ్గర స్వేచ్ఛగా పెరుగుతుంది. కన్న బిడ్డ కోసం తల్లి ఆ మాత్రం చేయదా? సంతకాలన్నీ అయిపోయాయి. మెక్రేకు కూడా ఈ ఓడలోనే రాశాను.

ఇప్పుడు బెంగాల్ నుంచి వచ్చే పంచదార వాడుతున్నాను. దానికేమీ అభ్యంతరం లేదట. ఇక నా మీద కోపం పెట్టుకోకు. ఇంతకన్నా ఏ అత్తయ్యా చేయదు.

దీవెనలతో,
మీ అత్తయ్య


కాంబర్‌వేల్
1793 జులై 7

అత్తయ్యా,

మీ ఉత్తరం వచ్చింది. మీ మీద కోపగించుకునే ఓపిక కూడా నాకు లేదు.

బెనెబాకు చెప్పాల్సిన పని నా మీదే పడింది. రాత్రి భోజనం దగ్గర చెప్పాను. సూకీకి కాగితం వచ్చిందన్నాను. ఆ ఒక్క క్షణం ముఖం వెలిగింది. తరువాత మిగతాది చెప్పాను. తను, ప్రూడెన్స్ కొండల్లోకి వెళ్లాలని, ఏడాదికొకసారి పిల్లను తీసుకొచ్చి చూపిస్తానని, ఇంతకన్నా మార్గం దొరకలేదని చెప్పాను. నా గొంతు నాకే మీ గొంతులా వినిపించింది. రాస్తున్నందుకు క్షమించండి, లేదా క్షమించకండి.

"ఎవరో ఒకరు ఉండి తీరాలన్నమాట" అంది బెనెబా.

"పద్ధతి అది."

"సరే దొరా" అని పళ్లేలు తీసుకుని వెళ్లిపోయింది. ఏడవలేదు, అరవలేదు. అర్థం చేసుకుందనుకున్నాను. ఎంత తెలివైన మనిషి అని మనసులో మెచ్చుకున్నాను కూడా. అంత వెర్రివాణ్ణి నేను.

ఆదివారం ఇక్కడి జనం తమ పెరటి దుంపలు, కోళ్లు అమ్ముకోవడానికి రేవు సంతకు వెళ్తారు. తోట దాటాలంటే చీటీ కావాలి. సూకీకి, ప్రూడెన్స్‌కు సంత చూపించి తెస్తానని పోయిన వారం బెనెబా అడిగింది. ముగ్గురికీ కలిపి చీటీ రాసిచ్చాను. సూకీ గేటు దగ్గర ఆగి వెనక్కి వచ్చింది. నా చొక్కా గుండీ ఊడి వేలాడుతుంటే పళ్లతో దారం కొరికి కుట్టి వెళ్లింది. నేను చేతిలో కాగితాలు చూసుకుంటూ కదలకుండా నిలబడ్డాను, అంతే.

సాయంత్రానికి వాళ్లు రాలేదు. మన బల్ల మీదికి చేపలు తెచ్చే జాలరి క్వామినా కూడా రాలేదు, అతని పడవా లేదు. అతనూ మీ బానిసే. అది ఒక్క దుంగను తొలిచి చేసిన పడవ, మనం ఇచ్చిందే. కొబ్బరికాయలు, దుంపలు, తాగే నీళ్లు ముందురోజే అందులో వేసుకున్నారని ఇప్పుడు తెలుస్తోంది. పడవ ఉత్తరం వైపు పోవడం రేవులో కొందరు చూశారు. ఉత్తరాన స్పెయిన్ వాళ్ల క్యూబా ఉంది. అక్కడ దిగి బాప్తిస్మం ఇవ్వమని అడిగినవాళ్లను స్పెయిన్ వాళ్లు తిరిగి పంపరు. ఇక్కడ బానిసలందరికీ తెలిసిన సంగతి ఇది. మనకూ తెలుసు, కాని ఆడవాళ్లు, పిల్లలు ఆ సముద్రం మీదికి వెళ్తారని ఎవరనుకుంటారు? వాళ్లు చేరారో, మునిగారో నాకు తెలియదు. రోజూ ఒడ్డుకు వెళ్లి చూస్తున్నాను. పడవ చెక్క ఒక్కటి కూడా కొట్టుకురాలేదు. అది మంచికో చెడుకో నాకు చెప్పేవాళ్లు లేరు.

మెక్రే గుర్రం దిగకుండానే నన్ను తిట్టాడు. పత్రికలో ప్రకటన వేయించాలట. సూకీ ఎలా ఉంటుందో రాయమని కాగితం, కలం నా ముందు పెట్టాడు. రాయనన్నాను. "ఇన్నేళ్లూ కాగితాలు ఖరాబు చేశావు, ఇప్పుడు చేతులు పడిపోయాయా?" అన్నాడు. పడిపోయాయన్నాను. నా ఉద్యోగం ఊడింది. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయాలి.

ఇక మీకు బదులు పెట్టడానికి నా దగ్గర ఎవరూ లేరు అత్తయ్యా. కావాలంటే నన్ను ఎక్కించుకోండి ఆ ఒప్పందంలో.

నిన్న ముసలి వంటమనిషి జుబాను పిలిచి కూర్చోబెట్టాను. వెళ్లేముందు బెనెబా నా గురించి ఏమన్నా అందా అని అడిగాను. నాకేం తెలుసు దొరా అంది. కొట్టనని ఒట్టేశాను. నా వైపు చూడకుండా చెప్పింది.

"ఆ కొత్త పిల్ల భయపడింది దొరా. తెలిశాక దొర ఊరుకుంటాడా, వెంట పడడా అంది. బెనెబా ఏమందంటే, ఊరుకోడు, కూర్చుని ఉత్తరం రాస్తాడు, అది చేరేలోగా మనం చేరిపోతాం అంది."

జాస్పర్